జంట దీపాల తాళంచెవి

మా కంపెనీ జంట దీపాలు చేస్తుంది. ఒకటి మీ దగ్గర, ఇంకొకటి మీకు కావలసిన మనిషి దగ్గర. ఇక్కడ మీరు తాకితే అక్కడ వెలుగుతుంది, అంతే. తీగ లేదు, మాట లేదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఒక్కో దీపంలోనూ మీ ఇంటి వైఫైలోకి వెళ్ళే దారి ఒకటుంటుంది. ఆ దారికి తాళం సరిగ్గా పడిందో లేదో చూడడం నా ఉద్యోగం. ప్రతి జతకూ దానికంటూ వేరే రహస్య తాళంచెవి ఉండాలి. ఉందని నేను సంతకం పెడితేనే సరుకు బయటికి వెళుతుంది. అందుకే ఆఫీసులో నేనంటే ఎవరికీ పడదు, మా యజమానికి మరీను. ఏదడిగినా "రేపటికల్లా అయిపోతుంది" అంటాడు కాబట్టి ఆయనకు రేపటాయన అని పేరు పెట్టాను.

అమ్మకాలు మొదలుకాక ముందే ఒక నమూనా జత మా బాబాయి ఇంట్లో పెట్టాను. బాబాయి దర్జీ. కింద కొట్టు, పైన కాపురం. నేనూ వాళ్ళతోనే ఉంటాను. మిషను చప్పుడులో పిన్ని పిలుపు వినబడేది కాదు. అందుకని ఒక దీపం వంటింట్లో, ఒకటి కుట్టుమిషను పక్కన. వంట కాగానే పిన్ని తాకేది, కింద లేత పసుపు వెలుగు లేచేది. బాబాయి తన దీపాన్ని తాకి, వస్తున్నానని చెప్పి మెట్లెక్కేవాడు.

పిన్ని పోయింది. ఆమె దీపాన్ని నేనే తీసి బీరువాలో పెట్టాను. అయినా కింద దీపం వెలుగుతూనే ఉంది. పొద్దు వాలి, వీధి నీలంగా మారి, గుడ్డముక్కల మీద నీడలు సాగే వేళకు అది తనంత తానే మెల్లగా వెలిగేది. బాబాయి కత్తెర పక్కన పెట్టి, దాన్ని తాకి, పైకొచ్చి తినేవాడు. "మీ పిన్ని పిలిచింది" అనేవాడు, మంచినీళ్ళు అందుకోమన్నంత మామూలుగా.

నేనిలాంటివి నమ్మను. కానీ తిండి మానేసి చిక్కి సగమైన మనిషి మళ్ళీ వేళకు తింటుంటే నోరెత్తడానికి మనసు రాలేదు. ఆ వెలుగులో మెట్ల మీద కూర్చుంటే నాక్కూడా పైన గిన్నెల చప్పుడు వినిపించినట్టుండేది. పిన్ని కొంగు గాలి తగిలినట్టుండేది. ఆ రోజుల్లో నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో నాకే సరిగ్గా తెలియదు.

కొత్త నిబంధనల తనిఖీకి పాత నమూనా ఒకటి కావలసి వచ్చింది. బాబాయిని బతిమాలి ఆ దీపాన్ని ఒక్క పూటకని ఆఫీసుకు తెచ్చాను. మా దగ్గర రేకు గది ఒకటుంది. తలుపు వేస్తే లోపలికి ఏ సిగ్నలూ రాదు. అందులో ఎంత నిశ్శబ్దమంటే, కాసేపు కూర్చుంటే మనం ఉన్నామో లేమో అనుమానం వస్తుంది. దీపం చీకటిగానే ఉంది. సాయంత్రం పని ముగించి తలుపు తెరిచాను. కాసేపటికి అది నా చేతుల్లోనే వెలిగింది.

"పిన్నీ!" అనేశాను. ఆ తర్వాత, నా బుద్ధి ఎక్కడికి పోతుంది, మూత విప్పి లోపలి చిప్‌ను చదివాను.

"సార్, ఇందులో ఉన్నది పరీక్ష తాళంచెవి," అన్నాను రేపటాయనతో. తయారీ రోజుల్లో ఏ బల్ల మీది దీపమైనా ఏ దీపానికైనా పలకాలని అన్నిటికీ ఒకటే తాళంచెవి వేసేవాళ్ళం. అమ్మే ముందు మార్చాలి. "మీరు తొందరపెట్టిన మొదటి విడతలో ఒక పెట్టె నా సంతకం పడకముందే, తాళంచెవి మార్చకుండానే వెళ్ళిపోయింది. అందులో అమ్ముడైన ఒక్క జత తప్ప అన్నీ తిరిగొచ్చాయి. ఆ జత బాబాయి దీపాన్ని వెలిగిస్తోంది."

"వెలిగిస్తే మంచిదేగా! ఎవరైనా ఫిర్యాదు చేశారా? రేపు చూద్దాం."

"ఆ తాళంచెవి ఇక్కడ పనిచేసి వెళ్ళిన ప్రతివాడికీ తెలుసు సార్. కావాలంటే ఆ ఇంటి వైఫైలో దూరి కెమెరాలు కూడా చూడొచ్చు."

ఆయన తల గోక్కున్నాడు. "సరే, మార్చు. పోనీ మీ బాబాయిది ఒక్కటీ వదిలెయ్యి."

వదిలితే లాభం లేదు. అవతలిది మారితే ఇది వెలగదు. ఇది వెలగాలంటే ఎవరి ఇంటి తలుపో తెరిచి ఉంచాలి. నిజం చెప్పొద్దూ, దారి పొడవునా అదే ఆలోచించాను. ముఖం తెలియని వాళ్ళ తలుపు ఒకవైపు, మా బాబాయి భోజనం ఒకవైపు. ఎన్నిసార్లు తూచినా బాబాయే బరువుగా తూగాడు. నా మీద నాకే కోపం వచ్చింది.

దీపాన్ని మిషను పక్కన పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను.

"నిన్నెవరు చూడమన్నారే?" అన్నాడు బాబాయి.

"అది నా పని బాబాయ్."

"పనట పని! ఉన్నదాన్ని ఊడబెరకడం కూడా ఒక పనేనా?"

మిషను తొక్కడం మొదలుపెట్టాడు. కుట్టు వంకర పోయింది. ఆపి, దారం లాగేస్తూ, "మరి నేను తిరిగి తాకేవాణ్ణి కదా, అదెక్కడ వెలిగేది?" అన్నాడు.

"వాళ్ళింట్లో."

"ఎవరే వాళ్ళు?"

"తెలీదు బాబాయ్. తెలుసుకోకూడదు కూడా. వాళ్ళింటి తాళం సరిగ్గా పడలేదు. అది వెయ్యాలి."

దీపం మీద పడిన దారప్పోగు తీసేశాడు. "వెయ్యి," అన్నాడు. "ఎవరి ఇల్లయినా ఇల్లే."

మర్నాడు పొద్దున్నే కొత్త తాళంచెవులు నెట్ ద్వారా గాలిలోనే పంపించాను. ఆ సాయంత్రం కూడా వీధి నీలంగా మారింది, నీడలు సాగాయి. దీపం వెలగలేదు. "బాబాయ్, అన్నానికి రా" అని పైనుంచి పిలిచాను. ఆకలి లేదన్నాడు. తర్వాతి రోజూ అదే మాట. గిన్నెలు మూత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

కొన్నవాళ్ళ ఫోన్లు ఎత్తడానికి మాకు వేరే మనిషి లేదు. అదీ నేనే.

"మీ దీపం పాడైపోయిందండీ," అంది ఒకావిడ. వెనక హారన్ల మోత. బస్సు నడుపుతుందట. "డ్యూటీ దిగి ఇంటికెళ్ళి తాకితే, కాసేపటికి అదే తిరిగి వెలిగేది. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు."

"మీ రెండో దీపం ఎవరి దగ్గరుందండీ?"

"పెట్టెలోనే ఉంది. జంటగా తప్ప అమ్మరుగా మీరు! ఇవ్వడానికి నాకెవరున్నారు?"

తప్పు మాదేనని, ఆమెకు జవాబిచ్చింది యంత్రం కాదని, ఇంకో ఇంట్లో ఒక మనిషని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే.

"మనిషా!" అంది. "ఎలా ఉన్నారండీ వాళ్ళు?"

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్న నియమం రాసిందే నేను.

"అన్నం తినడం లేదండీ," అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"అయ్యయ్యో. ముందు తినమనండి. నేను చెప్పానని చెప్పండి," అంది. మళ్ళీ తనే, "ఇష్టమైతే నా నంబరు కూడా ఇవ్వండి," అంది.

ఇంటికి పరుగెత్తాను. బాబాయి కాజాలు కుడుతున్నాడు. అంతా విన్నాడు, తల ఎత్తకుండా.

"ఆవిడ తిన్నదా మరి?" అన్నాడు.

"అడగలేదు బాబాయ్."

"అడగవద్దూ!" అని విసుక్కుని, సూది గుడ్డకు గుచ్చిపెట్టి, నంబరు కోసం చెయ్యి చాపాడు.