దుప్పటి రెండో కొస

నగరాన్ని ముంచిన పెద్ద వరద పోయి మూడో ఏడు. ఆ ఏడు వాన తెరిపినివ్వలేదు. బన్సీలాల్‌పేట గల్లీల్లో ఉతికిన బట్ట ఒక్కటీ సరిగా ఆరలేదు. ఆ ముసురులోనే సదాశివ భార్య కమలాబాయికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది.

కొడుకు విజయేందర్, కోడలు కల్పలత పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చే కొలువులవాళ్లు. ఒక ఆదివారం విజయేందర్ తండ్రి పక్కన కూర్చున్నాడు.

"బాపూ, అమ్మను నువ్వొక్కనివే చూసుకోలేవు. పిల్లలు సుత చెయ్యేస్తె ఈడనే ఉంటది. లేకుంటే అల్వాల్ల ముసలోళ్లను చూసుకునే హోమ్ ఒకటి చూసిన. ఈ నెల చూద్దాం. వాండ్లకు పని నువ్వే చెప్పు, నేను చెప్తె లొల్లి అయితది."

సదాశివ తల ఊపాడు.

మంచం మీంచి కమలాబాయి అంతా విన్నది. "నన్ను యాడికి పంపకయ్యా," అంది, వంకర పోయిన మూతితో. ఆ మాటకూ ఆయన తలే ఊపాడు.

ఆయన బతుకంతా బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో హమాలీగా గడిచింది. అక్కడ బస్తా ఎత్తడానికి ఎవరూ ఎవరినీ పిలవరు. ఒకడు ఒక కొస పట్టి వంగితే చాలు, దారిన పోయేవాడు వచ్చి రెండో కొస పట్టుకుంటాడు. పిలిపించుకుని వచ్చినవాణ్ణి చూసి అందరూ నవ్వేవాళ్లు. పిలవాల్సి వచ్చినవాడికి అంతకన్నా సిగ్గు.

రోగి బట్టలు మిషన్‌లో వేయడానికి కల్పలతకు మనసొప్పలేదు. రోజూ నల్లా దగ్గర సదాశివే ఉతికేవాడు. ఉతకడం ఆయనకు లెక్క కాదు. నీళ్లు తాగిన బరువు దుప్పటిని పిండాలంటే మాత్రం ఇద్దరు కావాలి, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. ఆయన ఒక కొస పట్టుకుని, రెండో కొస గచ్చు మీద పరిచి కూర్చునేవాడు.

ఇంటర్ చదివే కిషన్ చెవుల్లో పాటలు పెట్టుకుని వచ్చి, దుప్పటిని దాటి చెప్పులు తొడుక్కునేవాడు. "జెర కాలు తియ్ తాతా, బస్ పోతది."

పదో తరగతి నవత జడ వేసుకుంటూ చూసి నవ్వేది. "ఏంది తాతా, జెండా వందనమా?"

వాళ్లు వెళ్లేదాకా ఆయన అలాగే కూర్చునేవాడు. గేటు చప్పుడయ్యాక ఆ కొసను నల్లా పైపుకు కట్టి తానే మెలిపెట్టేవాడు. మణికట్లలో బలం లేదు. సగం పిండిన దుప్పటి సగమే ఆరేది. అదే కమలాబాయి కింద పరిచేవాడు. ఆమె ఆ సంగతి ఎత్తేది కాదు.

"పోరగాండ్లను అడుగొచ్చు గదయ్యా," అంది ఒకనాడు. "అడిగితె నీ నోటి ముత్యాలు రాలుతయా?"

"కండ్లు లేవా వాండ్లకు?" అన్నాడు సదాశివ.

అయినా ఆ సాయంత్రం లేచి వెళ్లి కిషన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడు ఫోన్‌లోంచి తలెత్తాడు.

"ఏంది తాతా? చార్జర్ గావాల్నా?"

ఆయన గడప మీంచి కాలు వెనక్కి తీశాడు. "ఏం లేదు," అని వచ్చేశాడు.

నెల చివర విజయేందర్ తల్లిని పక్కకు ఒత్తిగిల్లించి చూశాడు. నడుము కింద తోలు ఊడి పుండు పడింది. దుప్పటి ముక్కిపోయిన వాసన కొడుతోంది.

"బట్ట పచ్చిగనే ఉంది గదా బాపూ! పిల్లలకు చెప్పలే?"

"ఎవరు చెప్పిండ్రు డాడీ? తాత ఒక్క దినం సుత అడగలే," అన్నాడు కిషన్. "పొద్దుగాల బట్ట పట్టుకొని గట్ల కూసుంటడు. గదేందో మాకేం ఎరుక?"

"నానమ్మను పంపుతరని సుత చెప్పలే," నవత ఏడుపు అందుకుంది. "రేపటి సంది మేం చేస్తం డాడీ, ప్లీజ్."

"పుండు ముదిరితె ప్రాణం మీదికొస్తది. ఇగ ఆగేది లేదు," అన్నాడు విజయేందర్.

సాయంత్రానికి హోమ్ నుంచి బండి వచ్చింది. స్ట్రెచర్ మీద కమలాబాయి ఎడమ చేత్తో సదాశివ చొక్కా అంచు దొరకబుచ్చుకుంది. "ఒక్క మాట చెప్పయ్యా వీనికి," అంది, కొడుకు వైపు చూస్తూ. ఆయన పెదవులు కదిలాయి. బండి తలుపు పడేదాకా కదులుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున్నే సదాశివ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అల్వాల్ పోయాడు. హోమ్ గేటు దగ్గర కుర్చీలో ఉన్న ఆడమనిషి ఎవరని అడగకముందే తానే అడిగాడు. "దుప్పట్లు ఉతుకుతనమ్మా. ఊరికెనే ఉతుకుతా. లోపలికి రానీయ్. మా ఆమె ఉంది."

"బట్టలన్నీ మిషిన్ల వేస్తం తాతా. ఆడోళ్ల వార్డు, మొగోళ్లు ఆదివారమే రావాలె," అందామె.

ఆయన మళ్లీ అడిగాడు. ఇంకోసారి కూడా అడిగాడు. ఆమె గేటు మూసేసుకుంది.

వాన షురూ అయింది. సదాశివ రోడ్డు దాటి అవతల గోడ పక్కన నిలబడ్డాడు. ఏ కిటికీ ఆమెదో తెలియక, ఒక్కో కిటికీనే చూస్తూ మధ్యాహ్నం దాకా అక్కడే తడిశాడు.