పచ్చ వైరు

“ముందు సంతకం పెట్టక్కా. మాటలన్నీ తర్వాత.”

సూపర్‌వైజరు కాగితాన్ని వాషింగ్ మెషిన్ మీద పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రెండు గంటల క్రితం ఆ డ్రమ్ములో చెయ్యి పెట్టిన మనిషి విసురుగా వెళ్లి ఎదురు గోడకు కొట్టుకుంది. ఆవిడ ఇప్పుడు వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. మెషిన్ ఉన్న వెనక బాల్కనీ నిండా నీళ్లు, ఆ నీళ్లలో ఇంకా ఆరేయని బట్టలు.

మీటరక్క కాగితం చదివింది. ‘నిన్న నేను మెషిన్‌ను సరిగ్గా పరీక్షించకపోవడం వల్ల ఈ ప్రమాదం జరిగిందని ఒప్పుకుంటూ...’ అక్కడితో ఆపేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

పద్దెనిమిదేళ్లుగా ఆమె మెషిన్లు బాగుచేస్తోంది. మెడలో ఎప్పుడూ మీటరు వేలాడుతుంటుందని జనం పెట్టిన పేరే చివరికి ఆఫీసు రిజిస్టర్లోకీ ఎక్కింది. ఈ కాగితం మీద సంతకం పడితే రేపు పొద్దున్నే కంపెనీ కార్డు లాక్కుంటారు. తర్వాత ఆమెను పిలిచి మెషిన్ విప్పమనే గడప ఉండదు.

“నిన్న ప్రతి వైరూ చూశాను. లోపం లేదనే రాశాను, లేదు కాబట్టి.”

“లేకపోతే మా ఆవిడ గాల్లో ఎందుకు ఎగిరిందమ్మా, సరదాకా?” ఇంటాయన నిప్పులు చెరుగుతున్నాడు. “ఇప్పటికి మూడు కంప్లయింట్లు ఇచ్చాం. మొదటివాడు వచ్చి హీటరు మార్చాడు. రెండోవాడు బోర్డు మార్చాడు. మూడోసారి ఆడమనిషిని పంపారు. అప్పుడే అనుకున్నాను. ఈ ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు దగ్గర్నుంచి కాలింగ్ బెల్లు దాకా అన్నీ నా చేత్తో చేసినవే. ఒక్కటన్నా పాడైందా? నాకు తెలీదా పనెలా చెయ్యాలో?”

సూపర్‌వైజరు తల ఊపాడు. వినియోగదారుడు ఏమన్నా తల ఊపడం అతని ఉద్యోగంలో సగం.

మీటరక్క కట్టు కట్టుకున్నావిడ ముందు గొంతుక్కూచుంది. “చెల్లెమ్మా, అప్పుడేం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు.”

“ఉతకడం అయిపోయిందక్కా. గోడ దగ్గర స్విచ్చి కట్టేసి, బట్టలు తీద్దామని చెయ్యి పెట్టాను.”

“కట్టేసే పెట్టావా?”

“కంగారులో కట్టి ఉండదు,” అన్నాడు భర్త. “దీనికి మతిమరుపు ఎక్కువ.”

“కట్టాను,” అందామె, గొంతు పెంచకుండానే. “ఇందాకట్నుంచీ పదిసార్లు చెప్పినా ఎవరూ వినరేం? కట్టాను.”

మీటరక్కకు ఈసారి కోపం తన గురించి రాలేదు. దెబ్బ తిన్న మనిషి నోరు తెరిచి చెబుతుంటే ముగ్గురు మెకానిక్కుల్లో ఒక్కరూ ఆ మాట అడగలేదు. ఆ ముగ్గురిలో తనూ ఉంది.

“పది నిమిషాలివ్వండి,” అంటూ లేచింది. “ఆ తర్వాత కాగితం సంగతి.”

రబ్బరు చెప్పులు తొడుక్కుని నీళ్లలోకి దిగింది. ప్లగ్గు పెట్టింది, స్విచ్చి వెయ్యలేదు. మీటరు తీగ ఒకటి మెషిన్ వెనక ఉక్కు స్క్రూకు, రెండోది తడి నేలకు ఆనించింది. సున్నా.

“అదిగో,” అన్నాడు ఇంటాయన. “నిన్నా ఇదే నాటకం.”

నిన్న తను వచ్చింది పదకొండింటికి. ముందువాళ్లు వచ్చిందీ పొద్దున పూటే. సర్వీసు సెంటరు పంపేది ఎప్పుడూ ఆ వేళకే. దెబ్బ తగిలింది మూడింటికి. పొద్దున లేనిది, మధ్యాహ్నం మూడింటికి ఉన్నది ఏమిటి?

“చెల్లెమ్మా, ఇదివరకు షాక్ కొట్టినప్పుడు కూడా మధ్యాహ్నమేనా?”

ఆమె తలూపింది. “అవునక్కా. మధ్యాహ్నమే.”

“మూడింటికి ఈ ఇంట్లో ఇంకేం నడుస్తుంది?”

“నా నోరు నడుస్తుంది,” అంది అత్తగారు హాల్లోంచి. “అదీ, నీళ్ల మోటారూ. రోజూ భోజనాలయ్యాక నేనే వేస్తాను. ఇవాళా వేశాను. అమ్మాయి పడిపోయిందని గోల మొదలయ్యాక కట్టేశాను. లేకపోతే ఎప్పటికైనా ట్యాంకు పొంగి పక్కింటాయన నా మీద పొంగుతాడు. అయినా ఆ దిక్కుమాలిన మోటారు ఈమధ్య ఈసురోమంటోంది. గంట తిరిగినా సగం ట్యాంకు నిండదు.”

“ఒక్కసారి వేస్తారా పెద్దమ్మా? ఎవరూ దేన్నీ ముట్టుకోకండి. గుమ్మం అవతలే ఉండండి.”

“మోటారుకీ దీనికీ ఏం సంబంధం?” ఇంటాయన ఒక అడుగు ముందుకు వేశాడు. “మెషిన్ చూడమంటే ఊరంతా చూస్తుందేంటి ఈవిడ? అమ్మా, వెయ్యకు.”

“నువ్వు ఆగరా,” అంటూనే అత్తగారు స్విచ్చి నొక్కేసింది. కింద పెరట్లో మోటారు మూలుగుతూ లేచింది.

మీటరు అంకెలు గబగబా ఎక్కాయి. ముప్పై, డెబ్భై, తొంభై రెండు వోల్టులు.

సూపర్‌వైజరు తల ఊపడం మానేశాడు.

“స్విచ్చి చూడండి సార్, కట్టే ఉంది. ఈ చెల్లి చెప్పింది నిజం.” మీటరక్క పొడి చేత్తో ప్లగ్గు ఊడబీకింది. అంకె సున్నాకు పడింది. మళ్లీ పెట్టింది. తొంభై. “స్విచ్చి కడితే ఆగేది కరెంటు వచ్చే దారి ఒక్కటే. ప్లగ్గులో లావుగా ఉండే ఎర్త్ పిన్నుకు స్విచ్చి ఉండదు. ఇది ఆ పిన్నులోంచి మెషిన్‌లోకి ఎక్కుతోంది.”

ఆగకుండా వంటింట్లోకి నడిచి, ఫ్రిజ్ వెనక స్క్రూకు తీగ ఆనించింది. తొంభై.

“ఇదీ మా మెషినేనా సార్? ఇది చెక్క స్టాండు మీద ఉంది, కింద నేల పొడి. అందుకే ఇన్నాళ్లూ ఎవర్నీ ఏమీ అనలేదు. అక్కడ వట్టి కాళ్లు, తడి నేల, తడి చేతులు. అందుకని అక్కడ కొట్టింది. ఇక మోటారు కట్టెయ్యండి పెద్దమ్మా.”

మెయిన్ దించేసి అందరూ కిందికి దిగారు. ఇంటాయన అందరికంటే వెనక. మోటారు పక్కన గోడకున్న డబ్బా మూతను మీటరక్క నాలుగు స్క్రూలు తిప్పి తీసింది. లోపల ఎర్ర వైరు, దాని పక్కన పచ్చ వైరు మోటారుకు బిగించి ఉన్నాయి. నల్ల వైరు కొసకు టేపు చుట్టి మూలకు కుక్కి ఉంది.

“కరెంటు తిరిగి వెళ్లే నల్లది పాడై ఉంటుంది. దాని పని ఈ పచ్చదానికి అప్పజెప్పారు. పచ్చది ఎర్త్ వైరు, ప్రాణం కాపాడే వైరు. ఇప్పుడు మోటారు తాగిన కరెంటు దీంట్లోంచి ఎర్త్ గుంటలోకి పోవాలి. ఆ గుంట ఎండిపోయింది, పోనివ్వడం లేదు. అందుకే మోటారు నీరసపడింది, అందుకే ఆ కరెంటు ఇంట్లో ప్లగ్గు పెట్టి ఉన్న ప్రతి ఇనప వస్తువులోకీ పాకింది. మోటారు తిరిగినంతసేపూ ఇల్లంతా కాచుకుని కూర్చుంటుంది, ఎవరు ముట్టుకుంటారా అని.” ఆమె లేచి చేతులు దులుపుకుంది. “మెషిన్లు బాగుచేసేవాళ్లం మేము. మనిషిని చంపే పని చేసింది ఇంకొకరు. ఎవరండీ ఇది కలిపింది?”

ఇంటాయన ఎటో చూస్తూ అన్నాడు. “ఎవరో ఎలక్ట్రీషియను. ఎప్పుడో, ఎండాకాలంలో. పేరు గుర్తు లేదు.”

“ఫోన్ నంబరు?”

“లేదన్నాను కదా.”

సూపర్‌వైజరు మళ్లీ ఫైలు తెరిచాడు. అతని గొంతులో జాలి ఉంది గానీ వెన్నెముక లేదు. “చూడక్కా, చేసిందెవరో తేలకపోతే నేను పైకి ఏం రాయను? ఊరూ పేరూ లేని ఎలక్ట్రీషియనని రాస్తే నవ్వుతారు. రికార్డులో చివరి సంతకం నీదే ఉంది. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా.”

“నేను ఒప్పుకోను,” అంది మీటరక్క. “కార్డు కావాలంటే ఇప్పుడే తీసుకో. చెయ్యని తప్పుకు నా చెయ్యి సంతకం పెట్టదు.”

సూపర్‌వైజరు చాచిన పెన్ను వాళ్లిద్దరి మధ్యా అలాగే నిలబడిపోయింది.

కట్టు కట్టుకున్నావిడ డబ్బాలోకి వంగి చూస్తోంది. పచ్చ వైరునే చూస్తోంది.

“ఎలక్ట్రీషియను వచ్చిన మాట నిజమే,” అంది నెమ్మదిగా. “నల్లది గోడ లోపల కాలిపోయింది, గోడ పగలగొట్టాలన్నాడు. అక్కర్లేదని అతన్ని వెనక్కి పంపించేశారు. ఆ సాయంత్రం ఇదే డబ్బా ముందు టార్చి పట్టుకుని నిలబడింది నేనే.”

“నువ్వు పైకెళ్లి పడుకో,” అన్నాడు భర్త. “నీ ఒంట్లో బాగాలేదు.”

“ఈ పచ్చది దేనికండీ అని అడిగాను. ఊరికే ఉంటుంది, దానికేం పని లేదన్నారు.”

“లోపలికి వెళ్లమన్నానా.”

అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. ఆమె నోరు ఆ రోజు మొదటిసారి ఆగింది.

“మూడుసార్లు షాక్ కొట్టిందన్నాను. మూడుసార్లూ నాదే మతిమరుపన్నారు. ఇవాళ ఈ అక్క నోటి దగ్గర కూడు తీసెయ్యబోయారు.” ఆమె ఎడమ చేత్తో సూపర్‌వైజరు ఫైల్లోంచి కాగితం లాగి, వెనక్కి తిప్పి, తెల్లవైపు పైకి పెట్టి అతనికే ఇచ్చింది. “పేరు కావాలన్నారుగా, రాసుకోండి. ఆ పచ్చ వైరు మోటారుకు కలిపింది మా ఆయన.”