ఒంటిగంటా ఇరవైకి నేను కప్పులు కడుగుతున్నాను

నా చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. ముందుగదిలో నా ఫోన్ మోగింది. మా ఆయన తీసి చదివాడు. మా ఇంట్లో ఇది కొత్త కాదు. పద్దెనిమిదేళ్ళుగా నాకు ఏ ఉత్తరం వచ్చినా, ఏ కబురు వచ్చినా ముందు ఆయన కళ్ళబడి, తర్వాతే నా చెవిన పడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "నాకొచ్చింది కదా, నేను చదువుకుంటాను" అన్నాను. "ఏం, నేను చదవకూడనిది ఏముంది అందులో?" అన్నాడు. పక్కనుంచి అత్తయ్య, "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికం ఏమిటే" అంది. అత్తయ్య తన పెట్టె తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతుంది. అది నేను ఎత్తి చూపలేదు. ఆ తర్వాత ఫోన్ సంగతీ ఎత్తలేదు.

"ఎవరో రాశారే. పేరు లేదు," అని ఆయన కేకేశాడు. చదివి వినిపించాడు. "మీ మాట నమ్మి రాశాను. కాగితం మా బావగారి చేతికి వచ్చింది. మిషన్ అటకెక్కింది. ఇక రాను." ఆయన నవ్వాడు. "మిషన్ అటకెక్కడమేంటి? మీ ఆఫీసుకి ఇలాంటివాళ్ళే వస్తారా?"

 ఆ రాసింది ఎవరో నాకు తెలుసు. ఏ కాగితమో కూడా తెలుసు.

నేను పురపాలక సంఘం సాంస్కృతిక విభాగంలో పనిచేస్తాను. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే. ఆ విభాగానికి ఒక వెబ్‌సైట్ ఉంది. పాత పాటలు, పాత ఫోటోలు, ఏ హాల్లో ఏ రోజు ఏ ప్రదర్శన, అన్నీ అందులో ఉంటాయి. ఎక్కించేది నేను. పైన పేరు మా ఆఫీసరుది. ఏ క్లాసుకైనా, ప్రదర్శనకైనా రావాలనుకున్నవాళ్ళు అందులోనే పేరు, నంబరు, అడ్రసు రాస్తారు. నిరుడు పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. జనం ఇచ్చే వివరాలను ఏం చేస్తామో ఒక పేజీ రాసి పెట్టాలట. ఆఫీసరు ఆ కాగితం నా బల్ల మీద పడేసి, "నాలుగు ముక్కలు రాసెయ్యమ్మా. ఎవరు చదువుతారులే" అన్నాడు.

నేను మూడు రోజులు రాశాను. మనిషి తన గురించి చెప్పుకున్న సంగతి ఎవరిదవుతుంది అని నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. రాశాను. మీ పేరు, మీ నంబరు, మీ అడ్రసు మీవి. మీరు ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడతాం. మీరు ఒప్పుకోకుండా ఎవరికీ ఇవ్వం. తీసేయమంటే తీసేస్తాం. ఎప్పుడైనా బయటికి పోతే ఆ సంగతి మేమే ముందుగా మీకు చెబుతాం. ఆఫీసరు చదవకుండా సంతకం పెట్టాడు. నేను మాత్రం చాలా రోజులు ఆ పేజీ తెరిచి చదువుకునేదాన్ని. నాకు ఎవరైనా ఇస్తే బాగుండుననుకున్న మాటను, ఊరందరికీ నేనే ఇచ్చాను.

ఆ కబురు పంపిన ఆవిడ బట్టలు కుడుతుంది. శనివారం సాయంత్రం ఆడవాళ్ళకు బృందగానం క్లాసు పెట్టాం. దానికి పేరు రాయడానికి వచ్చింది. చూపుడువేలి నిండా సూది పోట్లు. "అక్కా, ఇందులో రాస్తే మా ఇంట్లో తెలుస్తుందా?" అంది. స్క్రీన్ ఆవిడ వైపు తిప్పి ఆ పేజీ చూపించాను. ఆవిడ వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. "ఇది ఎవరు రాశారు?" అంది. "నేనే రాశాను. నా మాట," అన్నాను. అప్పుడు పేరు రాసింది. మీకు కబురు ఎలా పంపమంటారు అనే చోట 'పంపొద్దు' అని రాసింది. నా నంబరు మాత్రం అడిగి రాసుకుంది. నలభై ఏడో పేరు ఆవిడది. కుట్టిన బట్టలు ఇచ్చి వస్తానని ఇంట్లో చెప్పి వచ్చేది. వెనక వరసలో నిలబడి గంటసేపు పాడి వెళ్ళేది.

సోమవారం ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. టీ తాగుతున్నాడు.

"సార్, పాటల క్లాసు లిస్టు బయటికి వెళ్ళిందా?"

"ఓ, అదా. ఆ బట్టలు కుట్టే అమ్మాయి బావగారు నాకు బాగా తెలిసినాయనే. ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో అని పాపం కంగారు పడుతున్నాడు. ఇచ్చాను."

"ఎవరికీ ఇవ్వమని రాశాం సార్."

"నేనేమన్నా వీధిలో పంచానా? ఇంటి పెద్దకి ఇచ్చాను. ఇంట్లోవాళ్ళకి ఇస్తే ఇచ్చినట్టేనా ఏమ్మా?"

"నలభై ఏడు మంది పేర్లు, అడ్రసులు ఆయన చేతికి వెళ్ళాయి. ఆయన నలభై ఏడు మందికీ ఇంటి పెద్దా సార్?"

కప్పు కింద పెట్టాడు. "నువ్వు గొంతు పెంచేముందు, ఆ లిస్టు తీసింది ఎవరో చూసుకో."

వెళ్ళి చూశాను. లిస్టు ఎవరు తెరిచారో, ఎవరు అచ్చు తీశారో ఆ కంప్యూటరే తారీఖు, టైము వేసి రాసుకుంటుంది. పన్నెండో తారీఖు, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. నా పేరు. ఆఫీసరుకి తన పాస్‌వర్డ్ ఏనాడూ గుర్తులేదు. "నువ్వు రాని రోజు పని ఆగకూడదమ్మా" అని నా పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాయించి కంప్యూటరుకి అతికించింది ఆయనే. ఆఫీసంతా దానితోనే నడుస్తుంది. తొమ్మిదేళ్ళు నేను చేసిన పని ఆయన పేరు మీద వెళ్ళింది. ఆయన చేసిన ఈ ఒక్క పని నా పేరు మీద పడింది.

వెనకే వచ్చి నిలబడ్డాడు. "చూశావుగా. వచ్చే నెల నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదకే వస్తుంది. ఇంటికెళ్ళి మీ ఆయన్ని అడుగు. బుద్ధిమంతుడు, సరైన సలహా చెబుతాడు."

రాత్రి భోజనాల దగ్గర సంగతి విని, అడగకుండానే మా ఆయన సలహా చెప్పాడు. "ఎవరో పాడుకుంటే, ఎవరో మాన్పిస్తే నీకేం? వాళ్ళింటి గొడవ వాళ్ళది." అత్తయ్య వంత పాడింది. "చెప్పి వెళ్తే అయిపోయేదిగా. దొంగచాటుగా ఎందుకెళ్ళాలి?" చెప్పి వెళ్తే వెళ్ళనిచ్చేవాళ్ళా అని అడగాలనిపించింది. అన్నం వడ్డించాను.  నేను మాట ఇచ్చాను, ఒక మనిషి నమ్మింది, దానికి ఆవిడ కుట్టుమిషన్ అటకెక్కింది. నా మీదకు రాకుండా చూసుకోమని అందరూ నాకు చెబుతున్నారు. ఆవిడ మీదకు వచ్చిన దాని గురించి ఒక్కరూ అనడం లేదు. ఒంటిగంటా ఇరవైకి నేను ఎక్కడున్నాను? తింటున్నవాళ్ళకు పెరుగు వేస్తూ అదే ఆలోచిస్తున్నాను. గరిటె చేతిలో ఉండగానే గుర్తొచ్చింది. ఎక్కడ ఉంటాను? సింకు దగ్గర.

మా ఆఫీసులో మగవాళ్ళు పద్నాలుగు మంది, ఆడవాళ్ళం ఐదుగురం. భోజనాలయ్యాక టీ తాగిన కప్పులు కడిగేది మేం ఐదుగురమే. ఒకసారి టైపిస్టు అడిగింది, మీరూ వంతు వేసుకోవచ్చు కదా అని. "మీకు చెయ్యి తిరిగిన పని కదమ్మా, మేమైతే పగలగొడతాం" అన్నాడు లెక్కల గుమాస్తా. అందరూ నవ్వారు. ఒకసారి రెండు కప్పులు కనబడకపోతే ఆఫీసరు సింకు పైన కాగితం అతికించాడు. తారీఖు, వంతు ఎవరిది, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఎన్ని కప్పులు, సంతకం. ఆ కాగితం గీతలు గీసి టైపు చేసింది కూడా నేనే. మర్నాడు వెళ్ళి చూశాను. పన్నెండో తారీఖు. ఒంటిగంటా పది నుంచి ఒంటిగంటా ముప్పై ఐదు. పంతొమ్మిది కప్పులు. నా సంతకం. కింద, సరిచూశాను అని ఆఫీసరు పొట్టి సంతకం.

చాలాసేపు ఆ కాగితం ముందు నిలబడ్డాను. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తొమ్మిదేళ్ళు నన్ను కూలి లేని పనిమనిషిని చేసిన కాగితం. మెల్లగా గోరు పెట్టి ఊడదీసి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వివరాలు బయటికి పోతే మేమే ముందు చెబుతాం అని రాశాను కదా. చెప్పాలి. నలభై ఏడు నంబర్లు నా ముందున్నాయి. ఒక్క మీట నొక్కితే అందరికీ వెళ్తుంది. నొక్కలేదు. ఆ నలభై ఏడు ఫోన్లలో ఎన్నింటిని ముందుగదిలో ఇంకెవరో తీసి చదువుతారో నాకు తెలియదా? శనివారం దాకా ఆగాను. క్లాసు మొదలవకముందు పాటల టీచరుని అడిగి ముందుకెళ్ళి నిలబడ్డాను. రాసి తెచ్చుకున్న కాగితం తీశాను. చదివాను.

"మీ పేర్లు, నంబర్లు, అడ్రసులు పన్నెండో తారీఖున బయటి మనిషి చేతికి వెళ్ళాయి. ఇచ్చింది మా ఆఫీసరు. రికార్డులో ఉన్న పేరు నాది. ఆ వేళకు నేను కప్పులు కడుగుతున్నాను. అయినా మాట నాది, కాబట్టి చెప్పడం కూడా నా పనే."

 ముందు వరసలో లావుపాటి ఆవిడ, "మా ఆయనకి నా అడ్రసు తెలిసిపోయిందేమో చూడమ్మా" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నర్సు అమ్మాయి లేచింది. "మా మామగారు ఆ పన్నెండో తారీఖుకి ముందే, నెల కిందటే నన్ను అడిగారు. పాటలకెళ్తున్నావట అని. ఎలా తెలిసిందంటే ఆఫీసులో మనవాళ్ళున్నారులే అన్నారు." ఇంకొకావిడ, "మా అన్నయ్య కూడా అదే మాటన్నాడు" అంది. హాల్లో ఇంకెవరూ నవ్వలేదు.

బళ్ళో పనిచేసే పెద్దావిడ ఉంది. ఆయా అంటారు అందరూ. ఆవిడ వెనక వరసకేసి చూసింది. "మన కుట్టుపని పిల్ల రావడం మానేసింది ఇందుకేనా?"

నేను చేతిలో కాగితం మడిచాను.

"సరే, నువ్వు చెప్పకు. నాకు వాళ్ళిల్లు తెలుసులే," అంది. పై ఆఫీసుకి ఇద్దామని నేను రాసి తెచ్చిన ఫిర్యాదు కాగితం ముందు ఆవిడే లాక్కుని సంతకం పెట్టింది. ముప్పై రెండు సంతకాలు వచ్చాయి. మిగతావాళ్ళు భయపడ్డారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను.

సోమవారం పై ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. దానికి కప్పుల కాగితం జతచేశాను. నా దగ్గరుండే నకలు మీద ముద్ర వేయించుకున్నాను. మా ఆఫీసుకి తిరిగొచ్చి కంప్యూటరు మీది చీటీ చింపేసి పాస్‌వర్డ్ మార్చాను. సాయంత్రం ఆఫీసరు వంటగది గుమ్మంలోంచి కేకేశాడు. "కప్పులు సింకులో అలాగే ఉన్నాయేంటి? ఇక్కడ కాగితం ఏమైంది? ఈ వేళ ఎవరి వంతు?"

"కాగితం పై ఆఫీసులో ఉంది సార్. వాళ్ళనడిగితే చెబుతారు," అన్నాను.

ఆయన ముఖం చూశాను. కోపం ఇంకా రాలేదు, సంగతి అప్పుడే ఆయనకి అర్థమవుతోంది. వచ్చే నెల సంగతి వచ్చే నెల చూసుకుందాం అనుకున్నాను. టైపిస్టు తల వంచుకుని టైపు చేస్తూనే, "రేపు నా వంతు. నేనూ కడగను" అంది, నాకు మాత్రమే వినబడేలా.

తర్వాతి శనివారం క్లాసయ్యాక ఆయా నన్ను పక్కకి పిలిచింది. "బుధవారం వాళ్ళింటికి వెళ్ళాను. సంచి నిండా చిరుగుబట్టలు. కుట్టించుకుపోదామని వచ్చా అన్నాను. మిషన్ లేదన్నాడు వాళ్ళ బావ. అదిగో అటక మీద కనిపిస్తోందిగా అన్నాను. గుమ్మంలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కదిలితేగా. వీధిలో వచ్చేపోయేవాళ్ళు ఏమిటని అడగడం, నేను చెప్పడం."

"తర్వాత?"

"ఆ మహానుభావుడే నిచ్చెన వేసుకుని దించాడు. ఇక్కడికి మళ్ళీ వస్తుందో రాదో నేను అడగలేదు. అది ఆ పిల్ల ఇష్టం."

ఇవాళ ఆదివారం. నా చేతులు మళ్ళీ సబ్బు నురగలో ఉన్నాయి. ముందుగదిలో నా ఫోన్ మోగింది. ఆయన తీశాడు. కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఇది తెరుచుకోవడం లేదేంటే?"

"తెరుచుకోదు. నిన్న మార్చాను."

"ఏం దాస్తున్నావు?" అన్నాడు. లోపల్నుంచి అత్తయ్య, "ఏమంటోందిరా అది?" అంది.

సగం గిన్నెలు సింకులోనే వదిలేశాను. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. పెరట్లోకి వెళ్ళి మెట్టు మీద కూర్చుని తెరిచాను. ఆ నంబరు నాకు గుర్తే. మూడు లైన్లు రాసింది. రెండుసార్లు చదువుకున్నాను.

"ఎవరు? ఏమని?" అన్నాడు ఆయన తలుపు దగ్గర నిలబడి.

చెప్పలేదు. మీకూ చెప్పను. అది నాకు వచ్చింది.