పెరటి గోడ మీద మట్టిచెంబులు

నాకు నోరు పెద్దదని మా వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నోరు లేకపోతే వేరుశనగ బేరమంటూ మొరప్పూరు బండెక్కి నాలుగు రోజులకు గానీ ఇల్లు చేరని మొగుణ్ణి, అచ్చం తండ్రి పోలికే పుణికిపుచ్చుకున్న కొడుకుని ఎలా సంబాళించుకొస్తాను? అలాంటి నన్ను పందొమ్మిదివందల డెబ్బై రెండులో ఒక కందిరీగ నోరెత్తకుండా కూర్చోబెట్టింది. మా తమిళనాడు ధర్మపురిలో అందరూ దాన్ని కుళవి అంటారు. మేం తెలుగువాళ్లమైనా మాకూ అదే మాట.

అది మా పెరటి గుమ్మం పక్కన గోడ మీద మట్టితో గూడు కట్టడం మొదలుపెట్టింది. మా వైపు కుళవి గూడు కట్టిన ఇంట్లో బిడ్డ పుడుతుందని నమ్మకం. అందుకే దాన్నెవరూ పడగొట్టరు. సున్నం కొట్టేవాళ్లు కూడా చుట్టూ కొట్టి గూడు జోలికి పోరు. వేరే ఏడాదైతే నేనే వీధంతా చాటింపు వేసి ఉండేదాన్ని. కానీ నా కోడలు హొన్నమ్మకు అంతకు ముందు కార్తీకంలోనే ఐదో నెల కడుపు పోయింది.

పిక్కిలి నుంచి వచ్చిన పిల్ల. రాగిసంకటి కెలికితే ఉండ కట్టదు, పాట అందుకుంటే మాత్రం పక్కింటివాళ్లు పని ఆపి వింటారు. కడుపు పోయిన నాడు ఏడవలేదు, తరువాతా ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోయడం, అంతే. ఎవరైనా వస్తే గాదె గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. ఏడ్చేవాళ్లను ఓదార్చడం నాకు తెలుసు. ఏడవని పిల్లను ఏం చేయాలో తెలియక లోలోపల హడలిపోయాను.

మా బావి నీళ్లు తియ్యగా ఉంటాయని వీధి ఆడవాళ్లంతా పెరటిదారినే వచ్చి తోడుకుపోతారు. గూడు మొదట చూసింది పక్కింటి కణ్ణగి. తమిళ ఇంటి మనిషే అయినా మాతో మా తెలుగే మాట్లాడుతుంది.

"సౌభాగ్యక్కా, కుళవి గూడు కట్టిండాది! ఏం, కోడలు మళ్లా నీళ్లోసుకునిందా?"

లోపల గాదె గది తలుపు చప్పుడైంది. "నీ బిందె నిండింది, పో" అన్నాను. మరుసటి రోజు మునియమ్మ అదే అడిగింది. ఆ తరువాత వేదవల్లి. గూడు ఉన్నన్నాళ్లూ బావికి వచ్చిన ప్రతి నోరూ ఆ పిల్ల గాయాన్ని కెలుకుతూనే ఉంటుందని నాకు అర్థమైంది. శాస్త్రమూ లేదు, నమ్మకమూ లేదు, పగలగొట్టి పారేస్తానని దుడ్డుకర్ర తీసుకుని పోయాను.

కర్ర ఎత్తానో లేదో, వెనక నుంచి ఒక చెయ్యి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"కొట్టొద్దత్తా! లోపల గుడ్డుండాది!"

మూడు నెలలుగా ఊఁ, ఆఁ తప్ప మాట్లాడని పిల్ల అరిచిన అరుపుకు నా చేతిలో కర్ర జారింది. మధ్యాహ్నం నేను నడుం వాల్చినప్పుడల్లా ఈ పిల్ల పెరట్లోకి వచ్చి కుళవిని చూస్తోందట. నా కళ్లుగప్పి! బొట్టు పెట్టుకునే చిన్న అద్దం తెచ్చి, దానితో ఎండను గూడు మూతిలోకి మళ్లించి చూడమంది. వంగి చూశాను. లోపల పైకప్పు నుంచి సన్నటి పోగు ఒకటి వేలాడుతోంది. పోగు చివర బియ్యపు నూకంత గుడ్డు.

"అది గుడ్డెట్లయితాది? కుళవి పచ్చపురుగుని తెచ్చి లోపలేసి జుయ్యిమని పాడితే ఆ పురుగే కుళవి అయితాది. మా నాయన చెప్పినాడు" అన్నాను.

"పురుగు ఇంకా రానేలేదు గదత్తా. గుడ్డే ముందు పెట్టినాది. నేను చూసినాను."

మా నాయన మాట కొట్టేస్తోందని కోపం వచ్చింది. పోనీ, నేనే చూసి దీని నోరు మూయిస్తానని బట్టలుతికే రాయి మీద కూర్చున్నాను. కూర్చున్నదాన్ని లేవలేదు.

అబ్బబ్బ, ఏం పనితనం! ముందు బానకింద తడిలో నీళ్లు తాగి వస్తుంది. చిక్కుడు పందిరి మొదట్లో ఎర్రమట్టి మీద ఆ నీళ్లు కక్కి, మూతితో పిసికి, శనగబద్దంత ఉండ చేస్తుంది. ఉండను గోడ దగ్గరికి మోసుకొచ్చి ముందుకాళ్లతో తట్టుతూ పలచని అంచుగా సాగదీస్తుంది. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ, బయటికి వంగిన మూతి, అచ్చంగా మన పూజ చెంబే! సారె లేదు, కొలబద్ద లేదు. నా వయసుకు వచ్చినా నాకు జొన్నరొట్టె గుండ్రంగా రాదు.

అలా పక్కనే రెండో చెంబు కట్టి, దానిలోనూ ముందు గుడ్డు పెట్టి, తరువాతే చిక్కుడాకుల్లో దూరి పచ్చపురుగును పట్టి తెచ్చింది. దాన్ని మూతిలోంచి లోపలికి తోసి మరొకదానికి పోయింది. గుడ్డు ముందు, పురుగు తరువాత. హొన్నమ్మ నా వైపు చూసింది. నేను పందిరి వైపు చూశాను.

అక్కడి నుంచి మా అత్తాకోడళ్లకు పిచ్చి పట్టింది. పుట్టి పెరిగినప్పటి నుంచి పెరళ్లలోనే తిరిగానా, ఇదంతా ఎక్కడ దాక్కుంది? కరివేపాకు మీద కాకిరెట్ట అనుకుని తుడవబోతే అది నడిచింది! చిక్కుడు కాడకు పట్టిన పేనుబంకను చీమలు మీసాలతో నిమిరి తేనె చుక్క పిండుకుంటున్నాయి, మనం ఆవును పితికినట్టు. వాటి మధ్యకు ఒక ఎర్రటి చుక్కల పురుగు వచ్చి పేను తరువాత పేనును నమిలేస్తుంటే హొన్నమ్మ "తిను, బాగా తిను" అని ఎగదోసింది. అన్నం మాడింది. మా ఆయన గోవిందసామి కంచం ముందు ముక్కు ఎగబీలిస్తే "తింటే తిను, లేకుంటే తొప్పూరు దాకా నడిచి పోయి తిను" అన్నాను.

కుళవి నాలుగు మట్టిచెంబులు కట్టి, మూతులు మూసేసి వెళ్లిపోయింది. మళ్లీ తిరిగి చూడలేదు. "ఏం తల్లిరా ఇది!" అని తిట్టాను. హొన్నమ్మ తిట్టలేదు. పొద్దున లేవగానే గోడ దగ్గరికి పోయి చెంబులకు చెవి ఆనించేది. బావికి ఆడవాళ్లు వచ్చినా ఇప్పుడు లోపలికి పోవడం లేదు, గోడను వదిలితే కదా! అది చూసి సంతోషించాలో భయపడాలో నాకు తెలియలేదు. రోజులు గడుస్తున్నాయి, చెంబులు ఉలకవు పలకవు. లోపలిది చచ్చిపోయి ఉంటే? ఒకటి పోగొట్టుకున్న పిల్ల, రెండోదాన్ని కూడా గోడకు చెవి పెట్టుకుని పోగొట్టుకుంటే? ఆ రోజే నా కర్ర ఆగకుండా ఉంటే బాగుండేదేమో అనిపించి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ఒక పొద్దున కణ్ణగి బిందె ముంచుతుండగా హొన్నమ్మ కేక వేసింది. "అత్తా! గీకుతా ఉండాది! లోపల గీకుతా ఉండాది!"

పరుగెత్తాను. కణ్ణగి చేద వదిలేసి వచ్చింది. మొదటి చెంబు పక్క నుంచి పొడి రాలుతోంది. ఆవగింజంత బెజ్జం పడింది. పెద్దదైంది. మీసాలు వచ్చాయి, తల వచ్చింది, భుజాలు ఇరుక్కుని ఆగిపోయింది. ముగ్గురం ఇంకా దగ్గరికి వంగాం. "రామ్మా, రా" అంటోంది హొన్నమ్మ గుసగుసగా. అది ఒక్క తోపు తోసి బయటపడింది. రెక్కలు తడిగా, కొత్తగా మెరుస్తున్నాయి. అక్కడే నిలబడి ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది. ఇంత అందమైనదాన్ని నేను నా జన్మలో చూడలేదు, ఒట్టు.

హొన్నమ్మ నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది.

"నా బిడ్డ గూడా ఇట్లే వచ్చిండాల గదత్తా! ఇట్లే వచ్చిండాల!"

దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. "ఏడువమ్మా, బాగా ఏడువు" అంటూ నేనూ ఏడ్చాను. కణ్ణగి మా పక్కనే బురదలో చతికిలబడి, హొన్నమ్మ పాదం పట్టుకుని తనూ కళ్లు ఒత్తుకుంది. మేం ఏడుస్తుండగానే కుళవి పందిరి మీదుగా ఎగిరిపోయింది.

చివరికి కణ్ణగి కొంగుతో ముక్కు తుడుచుకుని, ఖాళీ చెంబు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"హొన్నా, పుట్టినాది మగబిడ్డా, ఆడబిడ్డా?"

కణ్ణగి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయాను. హొన్నమ్మ వెక్కుతూనే తల ఎత్తింది. ముక్కు ఎర్రగా కందిపోయింది.

"చూడలేదక్కా" అంది. కన్నీళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "ఉండు, ఇంకా మూడు చెంబులుండాయి. ఈసారి చూసి చెప్తాను."