విప్పేసిన తొడుగులు

ఒక పక్షిని కుట్టడానికి ఎంబ్రాయిడరీ మెషిన్‌కి ఆరు నిమిషాలు పడుతుంది. మధ్యలో దీపానికి నాలుగు. దీపానికి అటువైపు రెండో పక్షికి మళ్ళీ ఆరు. కింద 'శాంతి' అనే మాటకి ఇంకో రెండు. రంగు మారాల్సి వచ్చినప్పుడల్లా మెషిన్ ఆగి కీచుమని అరుస్తుంది. అప్పుడు అక్క కుర్చీలోంచి ముందుకి వంగి, పాత దారం లాగేసి, కొత్త దారం సూదిలోకి ఎక్కించి, మళ్ళీ బటన్ నొక్కాలి. అరవై రెండేళ్ళ కళ్ళకి సూది బెజ్జం ఒకసారి ఒకటిగా, ఒకసారి రెండుగా కనబడుతుంది. రెండిట్లో ఏది నిజమో తేల్చుకునేసరికి దారం కొస చీలిపోతుంది. తడి చేసి, మెలిపెట్టి, మళ్ళీ మొదలు.

పది రోజులుగా ఇదే పని. నడుము పట్టేసింది. మెషిన్ ఆగినా చెవుల్లో దాని చప్పుడు ఆగడం లేదు. అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా టకటకమంటూనే ఉంది.

ప్రార్థన పుస్తకాలకి గుడ్డ తొడుగులు, అరవై. రిటైరైన ఒక టీచరమ్మ చెప్పిన పని. తన దగ్గర చదువుకున్నవాళ్ళు సెలవుల్లో కలుస్తున్నారట, తలా ఒకటి కానుకగా ఇస్తుందట. "చేత్తో చేసినట్టే ఉండాలమ్మా, బజారు సరుకులా ఉండకూడదు" అని రెండుసార్లు చెప్పింది. "బటన్ నొక్కేది చెయ్యేగా టీచరమ్మా, కాలితో నొక్కం" అని చెల్లెలు మొహం మీదే అనేసింది. టీచరమ్మకి నవ్వు రాలేదు. రేపు సాయంత్రం వచ్చి పట్టుకుపోతుంది.

ఉన్నది ఒకటే గది. మెషిన్ గోడ వారగా, అక్క దగ్గర. చెల్లెలు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని, అక్క కుట్టి ఇచ్చిన గుడ్డకి ముడతపడకుండా వెనక అంటించిన కాగితం చింపి, దారాల కొసలు కత్తిరించి, అంచులు మడిచి తొడుగుగా కుడుతుంది. చెల్లెలికి యాభై ఒకటి. జుట్టు సగం నెరిసింది. అయినా అక్క నోట 'చిన్నీ' అనే వస్తుంది.

"చిన్నీ, ఇది కూడా పోయిందే" అంది అక్క, మెషిన్ మీదనుంచి గుడ్డ బిగించిన రింగు తీస్తూ. "పక్షి ముక్కు వంకర వచ్చింది."

చెల్లెలు తలెత్తలేదు. "ఇలా ఇవ్వు, చూస్తాను."

"చూడ్డానికేముంది. ఇంకోటి కుడతాలే."

అక్క గుడ్డని ఒళ్ళో బోర్లా పరుచుకుని బ్లేడు తీసింది. వెనకవైపు నుంచి కుట్ల కిందికి బ్లేడు పోనిచ్చి లాగితే దారాలన్నీ పటపటా తెగుతాయి. తరవాత ముందువైపు గోటితో గీకితే పక్షి పొట్టులా రాలిపోతుంది. మిగిలేది జల్లెడ లాంటి గుడ్డ. దాని మీద మళ్ళీ కుట్టడానికి వీలుండదు.

ముక్కు వంకర రాలేదని అక్కకి తెలుసు.

పది రోజుల కిందట, ఈ పని మొదలుపెట్టిన రోజున, చెల్లెలు గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ అంది, "అక్కా, ఆ బైండింగాయన నన్ను చేసుకుంటానంటున్నాడు."

బైండింగాయన అంటే పుస్తకాలకి అట్టలు కట్టే మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది. నిరుడు ఇలాంటి తొడుగులే కుట్టినప్పుడు పుస్తకం కొలతలివ్వడానికి వచ్చాడు. ఒక్క పుస్తకం కొలతకి నాలుగుసార్లు వచ్చాడు. "ఈయనకి స్కేలు చూడ్డం రాదేమోనే" అని అక్క అప్పుడు వెక్కిరించింది కూడా. ఇప్పుడాయన బైండింగు పని మానేసి, బస్సులో ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్న తమ్ముడి ఊరికి మకాం మారుస్తున్నాడు.

"నువ్వేమన్నావు?" అంది అక్క.

"మా అక్కనడిగి చెప్తానన్నాను. ఈ అరవై అయ్యేలోపు చెప్పు. నువ్వు వద్దంటే వద్దు."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వద్దంటే చెల్లెలు నిజంగానే ఆగిపోతుంది. అక్కకి అదే భయం. ఇరవై ఏడేళ్ళ కిందట, మూడు రోజుల్లో వస్తానని సరుకు లారీ మీద వెళ్ళిన అక్క భర్త తిరిగి రాలేదు. పోయాడన్న కబురు మాత్రం వచ్చింది. చెల్లెలికి అప్పుడొక సంబంధం కుదిరి ఉంది. "ఒక్క ఏడాది ఆగవే, నా వల్ల కాదు" అని అక్క దాని చెయ్యి పట్టుకుంది. ఆగింది. అవతలివాళ్ళు ఆగలేదు. ఆ ఏడాది ఎక్కడ పూర్తయిందో ఇద్దరికీ గుర్తులేదు. ఒక్కసారి కూడా చెల్లెలు ఆ సంగతి దెప్పలేదు. దెప్పి ఉంటే అక్కకి ఇంత బరువుగా ఉండేది కాదు.

వెళ్ళమని చెప్పాలి. రోజూ పొద్దున్నే చెప్పాలనుకుంటుంది. రెండో కుర్చీ ఖాళీగా ఉన్న గది కళ్ళ ముందుకొస్తుంది.  వద్దని చెప్పడానికి మొహం లేదు, వెళ్ళమని చెప్పడానికి గుండె లేదు. ఈ అరవై పూర్తి కాకపోతే ఏదీ చెప్పక్కర్లేదు. అందుకని ఒకటి విప్పేసింది. మర్నాడు ఇంకోటి. ఇవాళ్టితో పదకొండు.

చెల్లెలు లేచి వచ్చింది. అక్క ఒళ్ళోంచి గుడ్డ లాక్కుంది. ఒక పక్షి అప్పటికే పోయింది. దీపం, అక్క వంకరన్న పక్షి ఇంకా ఉన్నాయి. దాన్ని తీసుకెళ్ళి కిటికీ అద్దానికి ఆనించి, దాని మీద నిన్న కుట్టిన మంచి గుడ్డని పెట్టింది. వెనకనుంచి మధ్యాహ్నపు వెలుగు పడింది.

"ఇలా రా అక్కా."

"నా కళ్ళకి ఏం కనపడుతుందే."

"కనపడినంత చూడు."

అక్క వెళ్ళింది. పక్షి మీద పక్షి సరిగ్గా కూర్చుంది. రెక్క మీద రెక్క, కన్ను మీద కన్ను, ముక్కు మీద ముక్కు. దారం పోగంత తేడా లేదు.

"మెషిన్‌లో ఉన్న బొమ్మ ఒకటే" అంది చెల్లెలు. "వంకరొస్తే అరవైకి అరవై వంకర రావాలి. ఒక్కదానికే రావడానికి అది మనలాంటిది కాదు."

అక్క వేలితో పక్షి ముక్కు తడిమింది.

"సూది విరిగిందన్నావు, నమ్మాను. దారం తెగిందన్నావు, నమ్మాను. మూడోది చెత్తబుట్టలోంచి తీసి చూశాను."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను. ఎన్ని విప్పుతావో చూద్దామనీ అనుకున్నాను." చెల్లెలు గుడ్డలు రెండూ బల్ల మీద పడేసి కూలబడింది. "నాకూ ఓపిక లేదక్కా. యాభై ఏళ్ళొచ్చాక పెళ్ళికూతురు వేషమేంటని ఒకపక్క సిగ్గు. అక్కడ ఎలా ఉంటుందోనని భయం. ఇక్కడ నిన్ను చూస్తే ఇంకో భయం. ఏదో ఒకటి నువ్వు అనేస్తే నాకు తెరిపిగా ఉండేది."

"నా నెత్తిన పెట్టావన్నమాట."

"నీ నెత్తినే పెట్టాను. అప్పుడు నన్నాపింది నువ్వేగా."

ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. కోపంగా కూడా అనలేదు. బరువు మోసి మోసి మెట్ల మీద దింపినట్టు అంది.

అక్క గోడకి జారబడింది. "వెళ్ళు" అంది.

"మనసులో వద్దని పెట్టుకుని పైకి వెళ్ళమనకు."

"మనసులో వద్దనే ఉంది. అబద్ధమెందుకు. అది అలాగే ఉంటుంది, నువ్వు వెళ్ళినా పోదు. దాని కోసం నువ్వు ఆగక్కర్లేదు. ఒకసారి ఆగావు, చాలు."

 చెల్లెలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పదకొండు కుట్టాలి రేపటిలోగా. ఎవరి పుణ్యమో."

"నా పుణ్యమే. నువ్వు గుడ్డ కత్తిరించు."

అక్క కొత్త గుడ్డని రింగులో బిగించి మెషిన్ మీద పెట్టింది. బటన్ నొక్కింది. పక్షి తోకతో మొదలైంది. గది నిండా టకటక. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది, ఇంకా మూడున్నర గంటల పని. ఏడ్చే ఓపిక కూడా లేదు. అది ఒకందుకు మేలే అనిపించింది.

చెల్లెలు నాలుగు గుడ్డలు కత్తిరించి, ఫోన్ తీసింది. కిటికీవైపు తిరిగి, ఒక చెవి మూసుకుంది.

"హలో. నేనే... ఆఁ, అడిగాను... ఏంటి? వినపడటం లేదు. కాదు, మెషిన్... ఒక్క నిమిషం, బయటికెళ్ళి మాట్లాడతాను."

ఆమె లేవబోయింది. అక్క చెయ్యి చాపి బటన్ నొక్కింది. సగం రెక్క దగ్గర సూది నిలబడిపోయింది.

"ఇక్కడే మాట్లాడు" అంది అక్క.

చప్పుడు లేని గదిలో అవతలి మనిషి గొంతు కూడా వినపడింది. అక్క దారం కొస పట్టుకుని, ఆ మాటలు పూర్తయ్యేదాకా కూర్చుంది.