కాగితం మీది బిడ్డ

భూమి దక్షిణపు కొసన, చలి సముద్రంలో పడవల మీద బతికే మా యాఘన్లలో పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు. అందుకే ఆ పిల్ల పేరు నేనూ చెప్పను. ఉలాయికిపా కూతురంటాను, దాంతో సరిపెట్టుకోండి. ఆరేళ్ళుంటాయి. పడవ మధ్యలో మట్టి పరిచి పెట్టుకునే నిప్పు ఆరిపోకుండా చూడటం దాని పని. ఓసారి నిప్పురవ్వ ఎగిరి ఎడమ బుగ్గ మీద మచ్చ పడింది. ఆ మచ్చ అందరికీ చూపించి తెగ గొప్పలు పోయేది.

తెల్లవాళ్ళ తెరచాపల ఓడ వచ్చినప్పుడు అందులో బొమ్మలు గీసే మనిషి తల్లీకూతుళ్ళను ఒక పూటంతా కూర్చోబెట్టి గీశాడు. మచ్చతో సహా దించేశాడు. పిల్ల తన మొహం తాను చూసుకుని పడీపడీ నవ్వింది. ఓడ వెళ్ళిన పది రోజులకు దానికి దగ్గు పట్టుకుంది. ఇంకో పది రోజులు బతకలేదు.

పద్ధతి ప్రకారం దాని తోలు దుప్పటి, గవ్వల దండ, బుట్ట అన్నీ కాల్చేశారు. ఆ రేవు వదిలి వచ్చేశారు. నాలుగు చలికాలాలు తిరిగేసరికి ఉలాయికిపాకు కూతురి మొహం గుర్తు రావడం మానేసింది. మచ్చ గుర్తుంది, దాని చుట్టూ ఉన్న మొహం పోయింది. కన్నతల్లికి అంతకు మించిన కడుపుకోత ఏముంటుంది?

అప్పుడు మళ్ళీ ఓ ఓడ వచ్చింది. ఆనాటి బొమ్మలు అచ్చు వేసి తెచ్చారని కబురు పాకింది. అత్తాకోడళ్ళు పడవ తీశారు. అత్త పొగకు కళ్ళు పోయిన ముసలిది, పద్ధతంటే పద్ధతే. పోయిన పిల్ల మొహం అందులో ఉంటే కాల్చి తీరాలని దారి పొడుగునా సణుగుతూనే ఉంది. ఉలాయికిపా ఊ కొట్టింది. లోపల మాత్రం ఒకటే అనుకుంది: నా బిడ్డ కాదని చెప్పేస్తాను, కళ్ళు లేని మనిషికేం తెలుస్తుంది, ఆ కాగితం పడవ బెరడు సందులో దాచుకుంటాను. అత్తతో ఎన్నడూ అబద్ధమాడని మనిషి, అందుకు సిగ్గు కూడా పడలేదు.

ఓడవాడొకడు రెండు చేపలు పుచ్చుకుని కాగితం అందించాడు. ఇది నువ్వే అన్నట్టు ఆమె వైపూ బొమ్మ వైపూ వేలు చూపించాడు.

ఆమె చూసింది. మా దగ్గరెక్కడా మొలవని వెడల్పాకుల చెట్టు కింద, భుజం మీంచి గుడ్డ జారిన ఎవరో తెల్లావిడ. ఆవిడ ఒళ్ళో ఉంగరాల జుట్టు, బూరెబుగ్గల పిల్ల. రెండు బుగ్గలూ నున్నగా ఉన్నాయి. మమ్మల్ని కలలోనైనా చూడని మహానుభావుడెవడో వాళ్ళ ఊళ్ళో కూర్చుని, అచ్చు వేసే రాగిరేకు మీద తనకు తోచిన మొహాలు చెక్కాడు మరి. ఉలాయికిపా కాగితం తిప్పి వెనక వైపు కూడా వెతికింది, పిచ్చితల్లి.

"ఏమే, అదేనా?" అంది అత్త.

"కాదత్తా. నా బిడ్డ కాదు."

ముసలిది ఆ మాటలో ఏడుపు పట్టేసింది. తడుముకుంటూ కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో ఆమె అంత మెత్తగా ముట్టుకున్నది లేదు.

"కాదులే. నువ్వు కాదంటే కాదు. నిప్పులో వెయ్యక్కర్లేదు. తడవకుండా దాచుకో తల్లీ, నేనెవరితోనూ అనను."

నిజంగానే కాదని చెప్పబోయింది ఉలాయికిపా. అత్త చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. మనవరాలు పడవలో ఉందనుకుంటోంది ఆ ముసలిది. ఎవరి బిడ్డో తెలియని ఆ కాగితం పిల్లను రొమ్ముకీ కప్పుకున్న తోలుకీ మధ్య దోపుకుని, ఒడ్డు వచ్చేదాకా తెడ్డు వేస్తూనే ఉంది.