చివరి అధ్యాయానికి రాని నక్క

రచయితగారికి బల్లి కనబడితే పైప్రాణాలు పైనే పోతాయి. ఆయన రాసేదేమో అడవి జంతువులతో మనిషి స్నేహం గురించి! ఈ సంగతి తెలిసింది ఆయన భార్యకొక్కదానికే. కోడి గెలికినట్టుండే ఆయన రాతను టైపు చేసేదీ ఆవిడే.

కొత్త నవలలోని నక్క కూడా ఆవిడదే. సాయంత్రం పూట పెరటి గోడ కన్నంలోంచి వస్తుంది, ముందుకాలు కాస్త కుంటుతూ. బట్టలారేసే దండెం దాటి అది ఇవతలికి రాదు, ఆవిడ అవతలికి పోదు. కాసేపు ఒకరినొకరు చూసుకుంటారు, అంతే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఆ సంబరమంతా భోజనాల దగ్గర మొగుడికి చెప్పేసింది. ఆయన పెరట్లోకి తొంగి కూడా చూడలేదు గానీ, నవల్లో నక్క ఆయన ఒళ్లో తలపెట్టి పడుకుంది.

"నక్క తోక తొక్కారు గురువుగారూ!" అన్నాడు పబ్లిషరు ఫోన్లో. "చివర్లో దాన్ని చంపేయండి. జనం ఏడవాలి."

ఆ మాట ఆయన చెప్పగానే ఆవిడ టైపు చేయడం ఆపేసింది.

"చంపకండి. ఎటో వెళ్లిపోయిందని రాయండి."

"వెళ్లిపోతే ఎవరేడుస్తారే?"

"నేనేడుస్తాను."

ఆయన నవ్వేశారు.

ఆ సాయంత్రం నక్క రాలేదు. మర్నాడూ రాలేదు. కాగితం మీద చంపితే నిజంగా చస్తుందా అని తనను తానే తిట్టుకుంది. అయినా కాలు నిలవక, ఆరిన బట్టలే మళ్లీ తడిపి ఆరేసింది. అటు ఆయన కూడా నక్క చావు సీను కుదరక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు.

"ఆ కుంటికాలు ఎలా పెడుతుందో సరిగ్గా చూసి చెప్పవోయ్. అది రాస్తే సీను పండుతుంది."

మూడో సాయంత్రం నక్క వచ్చింది. బక్కచిక్కి ఉంది. వెనకాల రెండు పిల్లలు. అందులో ఒకటి తడబడుతూ దండెం దాటి వచ్చి ఆవిడ చెప్పు వాసన చూసింది. తల్లి కదల్లేదు. ఆవిడకి కళ్లనీళ్లు ఆగలేదు.

"వచ్చిందా?" లోపల్నుంచి కేక.

నక్క పిల్లలను తోలుకుని కన్నంలోంచి వెళ్లిపోయేదాకా ఆగి, ఆవిడ లోపలికి నడిచింది.

"రాలేదండీ."

"అయితే చచ్చే ఉంటుంది," హుషారుగా కలం అందుకున్నారాయన. "ఇక రాసేస్తాను."

"రాయండి. టైపు చేస్తాను."

చెప్పు వాసన చూసిన ఆ పిల్ల గురించి చెప్పుకోవడానికి ఇక ఈ ఇంట్లో ఎవరూ లేరు.